చెరుకు, కాంతి, తొమ్మిది మౌన కంపనాలు

బోధన్ చరిత్ర అనగానే ఒక వరుస మనకు నోటికొచ్చేస్తుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, మంజీర నీళ్ళు, కాలువల కింద చెరుకు తోటలు, 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరు, 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోవడం, 2015 డిసెంబర్‌లో మూతపడటం. ఈ వరుసలో పాలకులున్నారు, ఇంజనీర్లున్నారు, యూనియన్లున్నాయి. రెండు మాత్రం లేవు. ఒకటి ఆడవాళ్ళు, రెండోది భౌతికశాస్త్రం. ఈ రెండు లోట్లనూ కలిపి చూడాలని నాకనిపిస్తుంది. చాలా ఏళ్ళు ఆడపిల్లలకు ఫిజిక్స్ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి రెండోదానితోనే మొదలుపెడతాను.

చెరుకు బరువును కాంటా చెబుతుంది. తీపిని చెప్పేది కాంతి. ఏ చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌కైనా పోలారిమీటర్ ఆయువుపట్టు. 26 గ్రాముల స్వచ్ఛమైన చక్కెరతో 100 మిల్లీలీటర్ల ద్రావణం చేసి, 20 సెంటీమీటర్ల గొట్టంలో పోసి, ఒకే తలంలో కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, దానిగుండా పంపితే ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. సోడియం దీపపు పసుపు కాంతికి ఆ తిరుగుడు సుమారు 34.6 డిగ్రీలు. దాన్ని 100గా పెట్టుకుని చక్కెర స్కేలు తయారుచేశారు. ఆ స్కేలు మీద వచ్చే రీడింగ్‌నే 'పోల్' అంటారు. రసంలో ఎంత ఉంది, పిప్పిలో, మడ్డిలో ఎంత పోయింది అనే లెక్కలు దీని ఆధారంగానే నడుస్తాయి. చివరికి నూరు టన్నుల చెరుకు ఆడితే ఎన్ని టన్నుల చక్కెర చేతికొచ్చిందన్నది రికవరీ. కేంద్ర ప్రభుత్వం చెరుకు ధరను ఈ రికవరీకే ముడిపెట్టింది. 2024-25 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 340 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికీ 3.32 రూపాయలు అదనం. ఈ దశాంశాలు ఇంటిదాకా వస్తాయి. ఆ ఏడు కొడుకు ఫీజు కట్టాక కూతురి ఫీజుకు మిగులుతుందా లేదా అన్నది కూడా వీటిలోనే ఉంటుంది.

ఇంతకీ చక్కెర కాంతిని ఎందుకు తిప్పుతుంది? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో 1815లో ద్రవాల్లో ఈ గుణాన్ని గమనించాడు. 1848లో పాశ్చర్, అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి ఎదురుగా ఉండే రెండు రకాల స్ఫటికాలను ఏరి వేరుచేసి, ఒకదాని ద్రావణం కాంతిని కుడికీ, రెండోదాని ద్రావణం ఎడమకూ తిప్పుతాయని చూపించాడు. దీనికి క్వాంటమ్ సిద్ధాంతం నుంచి సమాధానం 1928లో వచ్చింది. అప్పటికి ఆ సిద్ధాంతం మూడేళ్ళ పసిది. లియోన్ రోజెన్‌ఫెల్డ్ అనే బెల్జియన్ యువకుడు ఆ లెక్క వేశాడు. కాంతి తగిలినప్పుడు అణువులోని ఎలక్ట్రాన్లలో రెండు రకాల స్పందనలుంటాయి. ఒకటి అటూ ఇటూ జరగడం, ఇది విద్యుత్ స్పందన. రెండోది గుండ్రంగా తిరగడం, ఇది అయస్కాంత స్పందన. జరగడమూ తిరగడమూ కలిస్తే మర చుట్టు. ఈ రెండింటి లబ్ధం సున్నా కానప్పుడే కాంతి తలం తిరుగుతుంది.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన వాదన ఒకటుంది. అణువును అద్దంలో చూపితే ఆ లబ్ధం గుర్తు మారిపోతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. మరి అణువూ దాని ప్రతిబింబమూ తేడా లేకుండా ఒకటే అయితే? ఒకే సంఖ్య ప్లస్సూ కావాలి, మైనస్సూ కావాలి. అలాంటి సంఖ్య సున్నా ఒక్కటే. కాబట్టి అద్దంలో మారని అణువు కాంతిని తిప్పదు. చక్కెర అణువు తన ప్రతిబింబంతో కలవదు, అందుకే తిప్పగలుగుతుంది. ఆ అణువులో 45 పరమాణువులున్నాయి. వాటికి ష్రోడింగర్ సమీకరణాన్ని చేత్తో సాధించడం ఎవరివల్లా కాదు. అయినా ఎక్కడ సున్నా తప్పదో సాధించకుండానే తెలిసింది. సున్నా కానప్పుడు ఎంత అన్నది మాత్రం ఈ వాదన చెప్పదు. దానికి ప్రయోగం చేయాల్సిందే.

ఈ అద్దం వాదనను పెద్ద గణితంగా విస్తరిస్తే అది సమూహ సిద్ధాంతం. ఒక వస్తువును ఎన్ని రకాలుగా తిప్పినా, అద్దంలో చూసినా మారకుండా ఉంటుందో లెక్కపెట్టి, దాన్నిబట్టి ఆ వస్తువు ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పే పద్ధతి. క్వాంటమ్ భౌతికశాస్త్రంలోకి దీన్ని వైల్, విగ్నర్ 1930కి అటూ ఇటూ తెచ్చారు. మన తెలుగువాళ్ళు అందులో వెనకబడలేదు. కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గరికి వెళ్ళిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడితో కలిసి ఈ విషయం మీద రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. భగవంతం 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ కూడా.

ఈ పద్ధతి ఏం చేస్తుందో బెంజీన్‌తో చెబుతాను. బెంజీన్ అణువుకు 20 వేర్వేరు కంపన పౌనఃపున్యాలున్నాయి. అందులో 7 రామన్ వర్ణపటంలో కనిపిస్తాయి. 4 పరారుణ వర్ణపటంలో కనిపిస్తాయి. మిగిలిన 9 రెండింటిలోనూ కనిపించవు. వాటిని మౌన కంపనాలు అంటారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నా క్లాసులో ఎవరో ఒక అమ్మాయి అడిగేది, "అయితే అవి లేనట్టేనా మేడమ్?" అని. కాదు. అవి ఉన్నాయి, అణువు నిజంగానే అలా కంపిస్తుంది. మనం వేసిన కాంతికి వాటిని చూపించే శక్తి లేదు, అంతే. భౌతికశాస్త్రజ్ఞులు వాటిని లెక్కలోంచి తీసేయరు. వేరే పద్ధతులతో వెతుకుతారు.

చరిత్ర రాసేవాళ్ళు ఇంత జాగ్రత్త తీసుకుంటున్నారా? రికార్డులో పేరు లేకపోతే ఆ మనిషే లేదని తేల్చేస్తున్నాం. ఈ సౌష్ఠవ గణితం చరిత్రనే చూడండి. సౌష్ఠవానికీ నిత్యత్వ నియమాలకూ ఉన్న లంకెను 1918లో నిరూపించింది ఎమ్మీ నోటర్. గొట్టింగెన్‌లో ఆమె పాఠాలను అంతకుముందు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించాల్సి వచ్చింది. 1919 దాకా ఆమెకు సొంత పేరుతో పాఠం చెప్పే హక్కే లేదు, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు జీతం లేదు. 1933లో నాజీలు ఉద్యోగం తీసేస్తే అమెరికా వెళ్ళి, 1935లో చనిపోయింది.

మన దేశం కథ ఇంతకంటే ఉదారంగా ఏమీ లేదు. 1933లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కమలా సొహోనీకి ఆడది అన్న కారణంతో రామన్ సీటు నిరాకరించాడు. ఆమె పట్టుబడితే ఏడాది పరీక్షా కాలం పెట్టి చేర్చుకున్నారు. రామన్ లాబ్‌లోనే పనిచేసిన అన్నా మణి వజ్రాల మీద పరిశోధనా పత్రాలు ప్రచురించినా, ఎం.ఎస్సీ. లేదన్న కారణంతో ఆమెకు పిహెచ్‌డి ఇవ్వలేదు. సునంద బాయికీ డిగ్రీ దక్కలేదు. ఈ స్త్రీలు ఇవాళ మన చర్చల్లోకి వచ్చారంటే ఆభా సూర్ వంటి స్త్రీవాద చరిత్రకారులు పూనుకుని వెతకడం వల్ల. 2011లో వచ్చిన ఆమె పుస్తకం 'డిస్పర్స్‌డ్ రేడియన్స్' చదివితే రామన్ లాబ్‌లోని మౌన కంపనాలు కొన్ని వినిపిస్తాయి.

నా అనుభవం వీళ్ళతో పోల్చదగ్గది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. నేను డిగ్రీ చదివిన కాలేజీలో పోలారిమీటర్ ప్రాక్టికల్ డార్క్‌రూమ్‌లో ఉండేది. ఐపీసులో కనిపించే వృత్తం రెండు సగాలూ సమానమైన మసకలోకి వచ్చినప్పుడు రీడింగ్ తీసుకోవాలి. కన్ను చీకటికి అలవాటుపడితే గానీ ఆ తేడా తెలియదు. అబ్బాయిలకు తలుపు మూసేవాళ్ళు. ఆడపిల్లల బ్యాచ్‌కు మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంచాలని రూలు. మా రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చేవి. చక్కెర విశిష్ట భ్రమణం 66.5 రావలసిన చోట మాకు ఏదేదో వచ్చేది. చివరికి ఏమన్నారు? ఆడపిల్లలకు ప్రాక్టికల్స్ రావు అన్నారు. తలుపు సంగతి ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు, మా మార్కులు మాత్రం ఉన్నాయి.

ఇక బోధన్ చెరుకు తోటలకు వద్దాం. మా అమ్మమ్మకు పోలారిమీటర్ అంటే తెలియదు. గానుగ దగ్గర బెల్లం పాకం చూసేది మాత్రం ఆమే. "నిన్న మొన్న కొట్టిన చెరుకుకు బెల్లం గట్టిపడదు బిడ్డా, సాగుతది" అనేది. కొట్టిన చెరుకు నిలవ ఉంటే అందులోని చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఫ్రక్టోజ్ కాంతిని ఎడమకు బలంగా తిప్పుతుంది కాబట్టి పోల్ పడిపోతుంది. పూర్తిగా విడిపోతే కాంతి తలం కుడి నుంచి ఎడమకే మారిపోతుంది. అందుకే దానికి 'ఇన్వర్ట్ షుగర్', విలోమ చక్కెర అని పేరు. అలాంటి రసంతో బెల్లం సరిగా గడ్డకట్టదు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లు గంటల తరబడి నిలబడితే జరిగే నష్టమూ ఇదే. లాబ్‌లో డిగ్రీలుగా చదివిన మార్పును అమ్మమ్మ వేళ్ళ మధ్య సాగే పాకంలో చదివింది. ఒకదాన్ని శాస్త్రం అన్నాం, జీతం ఇచ్చాం, రిజిస్టర్‌లో రాసుకున్నాం. రెండోదాన్ని చేతివాటం అని ఊరుకున్నాం. అమ్మమ్మ క్వాంటమ్ ఫిజిక్స్ చేసిందని నేను అనడం లేదు. అలా అంటే ఆమెనూ, ఫిజిక్స్‌నూ రెంటినీ తక్కువ చేసినట్టే. ఒకే పదార్థాన్ని ఇద్దరు శ్రద్ధగా పరిశీలిస్తే, ఒక పరిశీలనకే చరిత్ర ఎందుకు మిగిలింది అన్నదే నా ప్రశ్న.

లెక్కపెట్టే తీరులోనే మనుషులు మాయమవడం చూడాలంటే బోధన్ దాటి ఎంతో దూరం పోనక్కర్లేదు. మరాఠ్వాడా నుంచి చెరుకు కొట్టడానికి వలసపోయే భార్యాభర్తలను ఇద్దరినీ కలిపి ఒక 'కోయితా' అంటారు. కోయితా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక కొడవలి, ఒక అడ్వాన్సు. ఆ అడ్వాన్సు మాట్లాడుకునేది భర్త. కొట్టిన చెరుకును మోపులు కట్టి, నెత్తిన మోసి బండికెత్తే ఆమె విడిగా ఏ ఖాతాలోనూ ఉండదు. బీడ్ జిల్లాలో ఈ కూలీ స్త్రీలు పని పోకూడదని పెద్ద సంఖ్యలో గర్భసంచులు తీయించుకున్నారని 2019లో బయటపడినప్పుడు దేశం ఉలిక్కిపడింది. అప్పటిదాకా వాళ్ళు చెరుకు లెక్కల్లో మౌన కంపనాలే.

చివరగా ఇంకో స్త్రీ గురించి చెప్పాలి. 1956 దాకా భౌతికశాస్త్రజ్ఞులు ప్రకృతి నియమాలన్నీ అద్దంలో కూడా మారవని నమ్మేవాళ్ళు. కుడి ఎడమల మధ్య తేడా ప్రాథమిక నియమాల్లో సున్నా అని వాళ్ళ ధీమా. ఒక బలహీన బలం విషయంలో దీన్ని ఎవరూ పరీక్షించనే లేదని ఆ ఏడాది లీ, యాంగ్ ఎత్తిచూపారు. పరీక్షించింది చియెన్ షియుంగ్ వూ. కోబాల్ట్-60 పరమాణువులను పరమ శూన్యానికి దగ్గరి చలిలో ఒకే దిశకు తిప్పి నిలిపి, వాటి నుంచి ఎలక్ట్రాన్లు ఎటు ఎక్కువగా వస్తున్నాయో చూసింది. రెండు వైపులా సమానంగా రాలేదు. 1957 జనవరిలో ఫలితం ప్రకటించారు. ఆ ఏడాదే నోబెల్ లీ, యాంగ్‌లకు వచ్చింది, వూకు రాలేదు. దీన్ని అన్యాయంగా చెప్పుకుని వదిలేస్తే చాలదు. ఆమె పని మనకో పద్ధతి నేర్పుతోంది. అందరూ సున్నా అనుకుంటున్న చోట, అది నిజంగా కొలిచిన సున్నానా, ఎవరూ కొలవని సున్నానా అని అడగాలి.

మన ప్రాంతం చరిత్రలో స్త్రీల గడిలో ఉన్న సున్నాలు చాలావరకు ఈ రెండో రకం. వాటిని కొలవడం ఇంకా సాధ్యమే. బెల్లం పాకం చూసినవాళ్ళు, చెరుకు మోపులు మోసినవాళ్ళు, ఫ్యాక్టరీ మూతపడి మగవాళ్ళ జీతాలు ఆగిపోతే బీడీలు చుట్టి ఇల్లు నడిపినవాళ్ళు, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరి పెళ్ళితో మానేసినవాళ్ళు నిజామాబాద్, బోధన్ వీధుల్లో ఉన్నారు. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం వాళ్ళ దగ్గరికి టేప్‌రికార్డర్లు పట్టుకుని వెళ్ళాలి. చరిత్ర విభాగం వాళ్ళతో పాటు సైన్స్ చదివినవాళ్ళు కూడా వెళ్ళాలి. పాకం సాగిందని ఒక ముసలామె చెబితే దాని వెనక ఎన్ని డిగ్రీల తిరుగుడు ఉందో అడగగలిగే మనిషి కూడా ఆ పక్కన ఉండాలి కదా.