అమెరికాలో బాలకార్మిక చట్టం కథ

ఈ దేశంలో పిల్లలకు ఏ కష్టమూ లేదని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. కాని 1900 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 10 నుంచి 15 ఏళ్ల వయసు వారిలో దాదాపు 17.5 లక్షల మంది పనుల్లో ఉన్నారు. బొగ్గు గనుల్లో, ప్రత్తి మిల్లుల్లో ఆ పసివాళ్లు పడిన పాట్లను లూయిస్ హైన్ 1908 నుంచి ఫోటోలు తీసి లోకానికి చూపించాడు.

1916లో కీటింగ్-ఓవెన్ చట్టం వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లలతో పనిచేయించే ఫ్యాక్టరీల సరుకు రాష్ట్రం దాటరాదన్నది దాని సారాంశం. దానిపై కోర్టుకెక్కినవాడు నార్త్ కరొలైనాలో మిల్లు కార్మికుడైన రోలండ్ డాగెన్‌హార్ట్. తన ఇద్దరు కొడుకుల సంపాదన తనకు పోతుందని అతని ఫిర్యాదు. వెనక ఉండి నడిపించినవారు మిల్లు యజమానులు. 1918లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో చట్టాన్ని కొట్టివేసింది. పన్ను రూపంలో తెచ్చిన రెండో చట్టానికీ 1922లో అదే గతి పట్టింది. 1924లో కాంగ్రెస్ ఆమోదించిన రాజ్యాంగ సవరణకు 36 రాష్ట్రాలు కావలసి ఉండగా 28 మాత్రమే ఒప్పుకున్నాయి. కొడుకులలో ఒకడైన రూబెన్, కేసు గెలిచి తాను పోగొట్టుకున్నది చదువేనని ఒక విలేఖరితో చెప్పుకున్నాడు.

చివరకు 1938లో రూజ్వెల్ట్ సంతకంతో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వచ్చింది. 1941లో సుప్రీంకోర్టు దానిని సమర్థించి పాత తీర్పును రద్దు చేసింది.

అయితే పొలాల విషయంలో ఈ చట్టం మెతకగానే ఉండిపోయింది. 12 ఏళ్లు నిండితే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, బడి లేని వేళల్లో పరాయి పొలంలో కూలికి పోవచ్చు. తడి పొగాకు కోసేవారికి చర్మం గుండా నికొటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు వస్తాయని వైద్యులమైన మాకు తెలుసు. గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి మేము వేరే చెప్పనక్కరలేదు. 2019 నుంచి ఇక్కడ సిగరెట్టు కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. పొగాకు కోయడానికి మాత్రం ఫెడరల్ చట్టానికి 12 చాలు!

ఇదంతా గడిచిపోయిన ముచ్చటా అంటే, కాదు. 2023లో మాంసం ఫ్యాక్టరీలు కడిగే ఒక కంపెనీ, 102 మంది మైనర్లతో ప్రమాదకరమైన పని చేయించినందుకు 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అదే ఏడాది ఆర్కన్సా రాష్ట్రం, 16 ఏళ్ల లోపు వారికి పని పర్మిట్ అక్కరలేదని తేల్చింది.

మనలో మోటెళ్లు, దుకాణాలు నడిపేవారున్నారు. గనులు, తయారీ, ప్రమాదకరమైన పనులు తప్పిస్తే, సొంత వ్యాపారంలో సొంత బిడ్డ పనిచేయడానికి ఫెడరల్ చట్టం అడ్డుచెప్పదు. మన దేశంలోనూ 2016 సవరణ, బడి వేళలు కానప్పుడు కుటుంబ వృత్తికి సాయపడటానికి అలాంటి మినహాయింపే ఇచ్చింది. కౌంటర్ దగ్గర కాసేపు కూర్చుంటే పిల్లలకు లోకజ్ఞానం వస్తుంది, మేము కాదనము. కాని ఆ కాసేపు ఎక్కడ ఆగాలో చట్టం చెప్పని చోట తల్లిదండ్రులే చెప్పుకోవాలి. బిడ్డ నిద్రకూ, చదువుకూ అడ్డురానంత వరకే అని మా మాట.