పిండికొద్దీ రొట్టె

లోకంలో కొన్ని గడుసు మాటలుంటాయి. పేదవాణ్ణి పేదవాడు అనకుండా పిలవడానికి పెద్దవాళ్లు వాటిని పుట్టిస్తారు. మన రైళ్లలో మూడో తరగతి అనే మాట 1974 దాకా పెట్టెల మీద నిక్షేపంలా ఉండేది. ఆ ఏడు దాన్ని చెరిపి రెండో తరగతి అన్నారు. ఎక్కే మనుషులు మాత్రం వాళ్లే. విమానాలవాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. తమ మూడో తరగతికి మొదటే 'ఎకానమీ' అని నామకరణం చేశారు. అంటే పొదుపు. ఎవరి పొదుపు - ఎక్కేవాడిదా, ఎక్కించుకునేవాడిదా - అన్నది మాత్రం చెప్పలేదు!

ఆ పేరు నలుగురి నోళ్లలో పడింది అట్లాంటిక్ మహాసముద్రం మీద. యూరపుకీ అమెరికాకీ మధ్య నడిచిన విమానాల్లో ఈ పొదుపు సీటు పుట్టుక, పెంపకం, చిక్కిపోవడం - అదంతా ఒక వింత చరిత్ర. అందులో ఒక యుద్ధం కూడా ఉంది. అది రొట్టెముక్క కోసం జరిగిన యుద్ధం.

మొదట్లో ఈ దారిన తరగతుల గొడవే లేదు. ఉన్నది ఒకటే తరగతి, అది దొరలది. 1939 జూన్ 28న పాన్ అమెరికన్ కంపెనీవారి 'డిక్సీ క్లిప్పర్' విమానం 22 మంది ప్రయాణికులతో న్యూయార్కు నించి యూరపుకు బయలుదేరింది. నీటి మీద లేచి నీటి మీదే వాలే బోయింగ్ 314 రకం అది. అజోర్స్ దీవుల్లో ఆగి, లిస్బన్ మీదుగా ఫ్రాన్సులోని మార్సే రేవు చేరింది. రాత్రిపూట పడుకోవడానికి పక్కలు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరువేరుగా బట్టలు మార్చుకునే గదులు, తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద భోజనం. ఒకవైపు టిక్కెట్టు 375 డాలర్లు. ఇవాళ్టి విలువలో ఎనిమిదివేల డాలర్ల పైమాటే. మామూలు గుమాస్తాకు ఆ విమానం ఆకాశంలో చూసి చెయ్యి ఊపడానికే గాని ఎక్కడానికి కాదు.

యుద్ధం ముగిసే రోజుల్లో, 1945 ఏప్రిల్‌లో, విమాన కంపెనీలు హవానాలో చేరి ఒక సంఘం పెట్టుకున్నాయి. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం - పొట్టిగా అయాటా. ఏ ఊరికి ఎంత ఛార్జీ అన్నది ఈ సంఘం సమావేశాల్లో అందరూ కూర్చుని తేల్చేవారు. ప్రభుత్వాలు ఆమోదముద్ర వేసేవి. ఇక ఒకడు తగ్గిస్తానన్నా కుదరదు. పాన్ అమెరికన్ అధిపతి జువాన్ ట్రిప్ ఆ ఏడే లండన్ టిక్కెట్టు 275 డాలర్లకు దింపుతానన్నాడు. ఆ చౌక టిక్కెట్ల విమానాన్ని మా నేల మీద వాలనివ్వం అన్నది బ్రిటన్. ఆయన పోరు ఫలించడానికి ఏడేళ్లు పట్టింది. 1952 మే 1న అన్ని కంపెనీలూ 'టూరిస్టు' తరగతి పెట్టాయి. న్యూయార్కు నించి లండన్‌కు రానూ పోనూ 486 డాలర్లు. అదీ ఇవాళ్టి లెక్కలో అయిదువేల డాలర్లు దాటుతుంది. 'చవక' అన్న మాట ఎప్పుడూ పక్కవాడి ధరతో పోల్చి చెప్పేదే గదా!

ఇప్పుడొస్తుంది అసలు కథ. 1958 ఏప్రిల్ 1న టూరిస్టు కంటే మరో మెట్టు కిందికి దిగి, ఎకానమీ తరగతి మొదలుపెట్టారు. ఛార్జీ నూటికి ఇరవై తక్కువ. ఒకవైపు 252 డాలర్లు. అయితే కంపెనీలకు ఒక భయం పట్టుకుంది. తక్కువ డబ్బిచ్చినవాడికీ సుఖంగానే ఉంటే, ఎక్కువ డబ్బిచ్చేవాడు ఎందుకిస్తాడు? అంచేత సీటుకీ సీటుకీ మధ్య ఎంత ఎడం ఉండాలో నియమం పెట్టారు: 34 అంగుళాలు. పెట్టే తిండికీ నియమం పెట్టారు. వేడి భోజనం కూడదు, సాండ్‌విచ్‌లే పెట్టాలి. అవి కూడా సాదాగా, చల్లగా, చవగ్గా ఉండాలి.

పంక్తిలో వలపక్షం పనికిరాదని మన పెద్దలంటారు. ఇక్కడ వలపక్షం చూపకపోవడమే నేరమైంది.

నెల తిరక్కుండానే గొడవ లేచింది. స్కాండినేవియా దేశాల ఉమ్మడి కంపెనీ ఎస్‌.ఎ.ఎస్‌. ప్రయాణికులకు సాండ్‌విచ్‌లే పెట్టింది, కాదనలేం. కాని డెన్మార్కులో సాండ్‌విచ్ అంటే రెండు రొట్టెముక్కల నడుమ ఏదో ఇరికించేది కాదు. అడుగున ఒకే ఒక్క ముక్క. దాని మీద మాంసం, చేప, గుడ్డు, జున్ను, కూరముక్కలు గోపురంలా పేర్చుతారు. రొట్టె ఎక్కడుందో దుర్భిణీ పెట్టి వెతుక్కోవాలి. అతిథికి పచ్చడి మెతుకులే పెట్టాలని ఊళ్లో కట్టుబాటు చేసుకుంటే, ఒకాయన పప్పు, నెయ్యి, అప్పడాలు, వడియాలు వడ్డించి 'మా ఇంట్లో పచ్చడి మెతుకులంటే ఇవేనండీ' అన్నట్టుంది. పైగా ఆ పళ్లెం అందాన్ని పత్రికల్లో ప్రకటన కూడా వేసుకున్నారు!

పాన్ అమెరికన్ మండిపడి అయాటాకు ఫిర్యాదు చేసింది. యూరపులోని మరికొన్ని కంపెనీలూ ఇదే తప్పు చేస్తున్నాయన్నది. లండన్‌లో సమావేశం జరిగింది. సాండ్‌విచ్ అంటే ఏమిటి అన్న ప్రశ్న మీద తలపండిన పెద్దమనుషులు తీవ్రంగా చర్చించారు. చివరికి తేలిందేమిటంటే - అందులో ప్రధానంగా రొట్టె ఉండాలి, ఆ రొట్టె కంటికి కనబడాలి, కేవియర్‌లాంటి ఖరీదైన అలంకారాలు ఉండరాదు, వడ్డన మరీ ధారాళంగా ఉండరాదు. ఎస్‌.ఎ.ఎస్‌.కు 20,000 డాలర్ల జరిమానా పడింది. పత్రికలన్నీ దీనికి 'సాండ్‌విచ్ యుద్ధం' అని పేరు పెట్టాయి. ఆ కంపెనీకి జరిమానాను మించిన ప్రచారం ఉచితంగా దొరికింది.

నవ్వొచ్చే కథే. కాని నవ్వేశాక ఒక్క క్షణం ఆలోచించండి. అందరి ధరా ఒకటే అయినప్పుడు కంపెనీలు పోటీపడటానికి మిగిలింది సుఖమొక్కటే. ఆ పోటీ తమ కొంప ముంచుతుందని సుఖానికీ హద్దు గీశారు. అంటే పొదుపు సీటులో మనం పడే ఇబ్బంది అంతా డబ్బు చాలక వచ్చింది కాదు. ఇంతకు మించి సుఖం ఉండకూడదని కొలిచి, రాసి, సంతకాలు పెట్టిన ఇబ్బంది. ఆ బల్ల చుట్టూ ప్రయాణికుడికి మాత్రం కుర్చీ వెయ్యలేదు.

సినిమాల సంగతీ అంతే. 1961లో ట్రాన్స్ వరల్డ్ కంపెనీ విమానంలో మొదటి తరగతివాళ్లకు క్రమంగా సినిమాలు చూపించడం మొదలుపెట్టింది. తరవాత అది వెనక సీట్లకూ పాకింది. వెంటనే అయాటా కల్పించుకుని, అట్లాంటిక్ మీద ఎకానమీవాళ్లు బొమ్మ వినడానికి రెండున్నర డాలర్లు ఇచ్చుకోవాలన్నది. అవును, వినడానికే. చూడటం ఉచితం. డబ్బిస్తే డాక్టరు స్టెతస్కోపులాంటి బోలు గొట్టాలు చేతికిచ్చేవారు. ఇవ్వనివాడు మూగబొమ్మ చూస్తూ, పక్కవాడు నవ్వినప్పుడల్లా తనూ నవ్వేవాడు కాబోలు.

ఇన్ని కొర్రీలున్నా జనం ఎక్కారు. ఓడల్లో కంటే విమానాల్లో అట్లాంటిక్ దాటినవాళ్లు ఎక్కువైంది ఆ 1958లోనే. ఆ ఏడు అక్టోబరులో జెట్ విమానాలు ఈ దారిన పడ్డాయి. దారిలో నూనె కోసం ఆగుతూ పదిహేను, పద్దెనిమిది గంటలు పట్టే ప్రయాణం ఏడెనిమిది గంటలకు దిగింది. చెప్పొద్దూ, అన్ని తరగతులకూ సమానంగా దక్కిన సుఖం అదొక్కటే. ముందు సీటువాడూ వెనక సీటువాడూ ఒకేసారి దిగుతారు.

మనవాళ్ల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1960 మే 14న ఎయిర్ ఇండియా బోయింగ్ 707 బొంబాయి నించి లండన్ మీదుగా న్యూయార్కు సర్వీసు ప్రారంభించింది. 1965లో అమెరికా తన వలసల చట్టం మార్చింది. ఆ తరవాత మన వైద్య కళాశాలల్లో, ఇంజనీరింగు కళాశాలల్లో చదివిన పిల్లలు వరసకట్టారు. జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు ఎక్కింది ఈ పొదుపు సీట్లే. టిక్కెట్టుకు పొలం తాకట్టు పెట్టినవాడికి మోకాళ్లు తగులుతున్నాయా లేదా అన్నది ఒక ప్రశ్నే కాదు. బెంగ ఎక్కడంటే - మళ్లీ తిరిగి అమ్మను చూడటానికి టిక్కెట్టు డబ్బులు ఎప్పటికి కూడతాయి?

ఆ ప్రశ్నకు జవాబు అయాటా గోడ అవతలినించి వచ్చింది. ఐస్‌లాండ్‌కు చెందిన లాఫ్ట్‌లైడిర్ కంపెనీ సంఘంలో చేరలేదు. పాత పంకా విమానాల్లో, నెమ్మదిగా, తమ దేశంలో ఒక మజిలీ వేసి, తక్కువ ధరకు దాటించేది. చదువుకునే కుర్రకారంతా అందులోనే. ఆపైన 1970 జనవరి 22న బోయింగ్ 747 వచ్చింది. తొలిరోజుల్లో ఎకానమీలో అడ్డంగా తొమ్మిది సీట్లుండేవి. కొన్నేళ్లకు పదోది ఇరికించారు. విమానం వెడల్పు పెరగలేదు. మనిషి వాటాయే తగ్గింది.

గోడను నిజంగా పగలగొట్టినవాడు ఇంగ్లండువాడు ఫ్రెడ్డీ లేకర్. 1977 సెప్టెంబరు 26న ఆయన 'స్కైట్రెయిన్' లండన్ గాట్విక్ నించి న్యూయార్కుకు ఎగిరింది. టిక్కెట్టు 59 పౌన్లు. రిజర్వేషను లేదు; మన రైళ్ల భాషలో కరెంటు బుకింగే. తిండి కావాలంటే కొనుక్కోవచ్చు, లేదా ఇంటినించి మూటకట్టుకుని తెచ్చుకోవచ్చు. సాండ్‌విచ్‌లో ఎంత రొట్టె ఉండాలన్నది ఇక ప్రయాణికుడి ఇష్టం! లేకర్ 1982 ఫిబ్రవరిలో దివాలా తీశాడు. కాని ఆయన నేర్పిన పాఠం నిలిచింది. ధర మీద పట్టు సడలగానే సుఖం టిక్కెట్టులోంచి ఊడి బయటపడింది. 1983లో అమెరికాకు చెందిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ 149 డాలర్లకు లండన్ చేరుస్తూ భోజనానికి వేరే, పెట్టెకు వేరే వసూలు చేసింది. పాత పెద్ద కంపెనీలు అప్పుడు ముక్కు విరిచాయి. 2018 వచ్చేసరికి అవే చేతిసంచీతో మాత్రమే ఎక్కే టిక్కెట్లు అట్లాంటిక్ మీద అమ్మకానికి పెట్టాయి.

మరి ఇవాళ్టి సీటు ఎలా ఉంది? మన కొలతల్లో చూద్దాం. మూర అంటే 18 అంగుళాలు. 1958 నాటి 34 అంగుళాల ఎడం రెండు మూరలకు రెండంగుళాలు తక్కువ. ఇప్పుడు చాలా విమానాల్లో అది 31. వీపు దగ్గర మెత్త పలచనైంది గనక మోకాలికి నష్టం పూర్తిగా మూడంగుళాలు కాదని కంపెనీల వాదన. నిజమే, మెత్త పలచబడ్డ సంగతి మోకాలికి తెలియకపోయినా నడుముకు తెలుస్తుంది. వెడల్పు చూస్తే, అడ్డంగా పది సీట్లు వేసిన బోయింగ్ 777లో ఒక్కో సీటు సుమారు 17 అంగుళాలు. మూరెడు కూడా లేదన్నమాట. అదే విమానంలో తొమ్మిదే వేస్తే మూర దాటుతుంది. ఎయిర్‌బస్ ఎ350లో తొమ్మిది వేసినప్పుడు రమారమి మూరెడు. అందుకే టిక్కెట్టు కొనేటప్పుడు కంపెనీ పేరొక్కటే చూస్తే చాలదు. ఏ రకం విమానం, అడ్డంగా ఎన్ని సీట్లు, పెట్టె ధరలో కలిసిందా లేదా - ఈ మూడూ అడగాలి.

పోయినవే చెప్పి వచ్చినవి చెప్పకపోతే అన్యాయం. ప్రతి సీటుకూ సొంత బొమ్మతెర వచ్చింది. సిగరెట్టు పొగ పోయింది. కొత్తరకం బోయింగ్ 787, ఎ350 విమానాల్లో లోపలి గాలి ఆరువేల అడుగుల ఎత్తున్న కొండ మీది గాలిలా ఉంటుంది. పాతవాటిలో అది ఎనిమిదివేల అడుగులు. తలనొప్పి, నోరెండటం ఆ మేరకు తగ్గుతాయి. అన్నిటికీ మించి, డిక్సీ క్లిప్పర్‌లో 22 మంది దాటిన సముద్రాన్ని ఇవాళ ఒక్కో విమానంలో మూడువందల మంది దాటుతున్నారు. వాళ్లలో కూతురి పురుడుకు వెళ్లే అమ్మలున్నారు, మనవణ్ణి మొదటిసారి చూడబోయే తాతలున్నారు. పాత ధరలే నిలిచి ఉంటే వీళ్లకు ఫొటోలే గతి.

అయితే ఆ అమ్మలకే, ఆ తాతలకే ఈ ఇరుకు బాధ. గంటల తరబడి కాళ్లు కదపకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని వైద్యులు చెబుతారు. దానికి ఎకానమీ జబ్బు అని పేరు పడింది గాని, కదలకుండా కూర్చుంటే మొదటి తరగతివాడికీ వస్తుంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడమే మందు. లేవడానికి సందుండాలి మరి.

ఈ సీటు ఇంకెంత చిక్కుతుందని అమెరికాలో ప్రయాణికుల సంఘం ఒకటి కోర్టుకెక్కింది. 2017లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, విషయం పట్టించుకోమని విమానయాన శాఖను మందలించింది. మరుసటి ఏడు ఆ దేశపు కాంగ్రెసు, భద్రత కోసం సీటు కనీస కొలతలు ఏడాదిలోగా తేల్చమని చట్టం చేసింది. గడువు దాటిపోయింది గాని అంకె రాలేదు. 2022లో ఆ శాఖ జనం అభిప్రాయం అడిగితే ఇరవై ఆరువేలకు పైగా జవాబులు వచ్చిపడ్డాయి.

చూశారా చిత్రం! 1958లో పొదుపు సీటువాడికి సుఖం మించకూడదని నియమం. అరవై ఏళ్ల తరవాత, ఆ సుఖం మరీ అడుగంటకూడదని చట్టం. మొదటిదాన్ని కంపెనీల పెద్దలు నెలరోజుల్లో తేల్చుకున్నారు, ఎందుకంటే అది వాళ్ల రొట్టె. రెండోదాని కోసం ఇరవై ఆరువేలమంది రాయవలసి వచ్చింది. పిండికొద్దీ రొట్టె అన్నారు నిజమే. కాని ఆ పిండిని కొలిచే మానిక ఎవరి చేతిలో ఉందో కూడా కాస్త చూసుకుంటూ ఉండాలి.