పారుడు వ్యాధి

పారుడు వ్యాధి (పి.పి.ఆర్.) గొర్రెలకు, మేకలకు సోకే ప్రాణాంతకమైన అంటువ్యాధి. దీనిని మేకల ప్లేగు అని కూడా అంటారు. మనుషులకు తట్టు కలిగించే వైరస్, పశువులలో ముసర వ్యాధి కలిగించిన వైరస్ దీనికి దగ్గరి బంధువులు. అయితే పారుడు వ్యాధి మనుషులకు సోకదు.

చరిత్ర

ఈ వ్యాధిని మొదట 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. భారతదేశంలో 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలలో కనిపించింది. కొన్నేళ్ళు దక్షిణాదికే పరిమితమై, 1994 నుండి ఉత్తరాదికి వ్యాపించింది.

లక్షణాలు

తీవ్రమైన జ్వరం, కళ్ళు, ముక్కు నుండి స్రావాలు, నోటిలో పుండ్లు, దుర్వాసనతో కూడిన పారుడు, దగ్గు, ఆయాసం ముఖ్య లక్షణాలు. చూడి జీవాలు ఈసుకుపోతాయి. సాధారణంగా గొర్రెలకంటే మేకలలో, పెద్ద జీవాలకంటే పిల్లలలో తీవ్రత ఎక్కువ. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ మూడు, నాలుగు నెలలకు తగ్గిపోవడమే పిల్లలకు ముప్పు పెరగడానికి కారణం.

ప్రకాశం పశ్చిమ ప్రాంతంలో ముప్పు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలు నల్లమల, వెలిగొండల చెంత ఉన్న మెట్ట భూములు. వర్షాభావంతో పంట పోయిన ఏడాది ఇంటిని ఆదుకునేవి జీవాలే. మేత, నీరు కరువైనపుడు మందలను దూర ప్రాంతాలకు తోలుకుపోవడం, ఎరువు కోసం పొలాలలో మంద కట్టడం కాపరుల ఆనవాయితీ.

ఈ వైరస్ దోమల వల్ల గానీ, ఈగల వల్ల గానీ వ్యాపించదు. ఎండకు త్వరగా నశిస్తుంది. రోగి జీవపు శ్వాస, స్రావాలు, పేడ ద్వారా దగ్గరలోని జీవానికి అంటుకుంటుంది. అంటే వ్యాధి జీవాలతోనే ప్రయాణిస్తుంది. కనుక మందను కరువు నుండి కాపాడే వలసే దానికి ముప్పు కూడా తెస్తుంది. ముప్పును పెంచే పరిస్థితులు:

* వేర్వేరు మందలు ఒకే బీడులో, ఒకే నీటి వద్ద కలవడం
* సంతలో కొన్న జీవాలను, అమ్ముడుపోక తిరిగివచ్చిన వాటిని వెంటనే మందలో కలపడం
* మేతలేక, నట్టల వలన జీవాలు నీరసించడం
* టీకా వేయని పిల్లలు మందలో ఎక్కువగా ఉండడం

నివారణ

వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్స్ న్యుమోనియా వంటి అనుబంధ వ్యాధులకు మాత్రమే పనిచేస్తాయి. టీకాయే అసలు రక్షణ. భారతీయ పశు పరిశోధనా సంస్థ రూపొందించిన సుంగ్రి 96 టీకా ఒక మోతాదుతో మూడేళ్ళకు పైగా రక్షణనిస్తుంది. పిల్లలకు మూడు నెలలు దాటిన తరువాత, మందకు వలసకు కొన్ని వారాల ముందుగా వేయించాలి. ఇది సజీవ టీకా కనుక చల్లదనం తప్పితే పనిచేయదు. కొత్త జీవాలను మూడు వారాలు విడిగా ఉంచాలి. జబ్బుపడిన వాటిని వేరుచేసి, సంతకు తీసుకుపోకుండా, పశువైద్యునికి తెలపాలి. చనిపోయిన వాటిని లోతుగా పూడ్చాలి.

నీలి నాలుక వ్యాధి లక్షణాలు కొన్ని దీనిని పోలి ఉంటాయి. అది చిన్న కీటకాల ద్వారా వ్యాపిస్తుంది. దానికి ఈ టీకా పనిచేయదు.

నిర్మూలన

ముసర వ్యాధి భూమిపై లేకుండా పోయినట్లు 2011లో ప్రకటించారు. పారుడు వ్యాధిని 2030 నాటికి నిర్మూలించాలని 2015లో అంతర్జాతీయ సంస్థలు లక్ష్యం పెట్టుకున్నాయి. కోలుకున్న జీవంలో వైరస్ దాగి ఉండదు, రక్షణ జీవితాంతం నిలుస్తుంది. కనుక ప్రతి మందకూ టీకా అందితే ఈ లక్ష్యం సాధ్యమే.