నాన్‌కౌరీ జమాఖర్చు

ఓటమి విజయానికి తొలిమెట్టు అని స్వచ్ఛంద సంస్థల వాళ్ళు సభల్లో తరచూ అంటూ ఉంటారు. వినడానికి బాగుంటుంది. అయితే ఆ ఓటమికి మూల్యం ఎవరు చెల్లించారు? లెక్క ఎవరు రాశారు? ఈ రెండూ అడగకపోతే అది వట్టి ఊకదంపుడే. నికోబార్ దీవుల చరిత్రలో దీనికి గట్టి ఉదాహరణ ఒకటుంది.

1756లో డెన్మార్క్ వాళ్ళు నికోబార్ తమదని ప్రకటించుకున్నారు. అక్కడ మతప్రచారానికి మొరావియన్ బ్రదరెన్ అనే క్రైస్తవ సంఘం ముందుకొచ్చింది. తమిళ తీరంలోని ట్రాంకేబార్ (నేటి తరంగంబాడి) వీరి స్థావరం. 1768లో నాన్‌కౌరీ దీవిలో దిగి, 19 ఏళ్ళు ప్రయత్నించారు. 11 మంది ప్రచారకులు అక్కడే చనిపోయారు. మరో 13 మంది ట్రాంకేబార్ తిరిగివచ్చిన కొద్దికాలానికే పోయారు. మతం మారిన నికోబారీ ఒక్కడూ లేడు! 1787లో మూటాముల్లె సర్దుకున్నారు.

చంపింది విషజ్వరాలు. అందులో మలేరియా వాటా పెద్దదే అయివుండాలి. ఆనాటి వైద్యం చెడుగాలిని తప్పుపట్టేది. దోమ పాత్రకు రుజువు 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్‌కు దొరికేదాకా లేదు. కనుక కారణం తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. కానీ సమాధులు లెక్కపెట్టడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు కదా! దేవుని పని అనుకున్నాక, ఇక్కడితో ఆపాలి అన్న గీత ఎవరు గీస్తారు?

అయినా వాళ్ళకు దక్కాల్సిన మెప్పు ఒకటుంది. 1779లో అక్కడికి వెళ్ళిన యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెన్సెల్ రాసిన లేఖలు 1812లో లండన్‌లో అచ్చయ్యాయి. భాష పట్టుబడలేదనీ, తమలో తమకే సఖ్యత లోపించిందనీ, వైఫల్యంలో తమ బాధ్యత పెద్దదనీ ఆయన ఒప్పుకున్నాడు. నేను పనిచేసిన రక్షణ పద్దుల శాఖలో సరుకు పోతే నష్టాల పట్టీ రాయాలి, కారణం చూపాలి, అధికారి మంజూరు కావాలి. అప్పుడే పద్దులోంచి కొట్టేస్తారు. హెన్సెల్ లేఖలు అలాంటి పట్టీయే. కాకపోతే పాతికేళ్ళు ఆలస్యం.

2018 నవంబరులో ఉత్తర సెంటినెల్ దీవిలో చనిపోయిన అమెరికన్ ప్రచారకుడు జాన్ అలెన్ చౌ సంగతి వేరు. చట్టం వద్దన్న చోటికి వెళ్ళి తన ప్రాణమే కాదు, దీవివాసుల ప్రాణాలూ పణంగా పెట్టాడు. బయటి రోగాలను తట్టుకునే శక్తి వాళ్ళకు లేదు. 1877లో తట్టు సోకి గ్రేట్ అండమానీలు ఎంతోమంది రాలిపోయారు. ఎదుటివాడి ప్రాణంతో చేసేదాన్ని సాహసం అనకూడదు.

మరి మన సంగతి? కెనడాలోని 'ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్' సంస్థ 2008 నుంచి తన వైఫల్యాలపై నివేదికలు ప్రచురించింది. హేతువాద సంఘాలు కూడా ఆ పని చేయాలి. ఎన్ని సభలు పెట్టాం అన్నదే కాదు, బాణామతి మీద ప్రచారం చేసిన ఊళ్ళో ఏడాది తర్వాత ఏం మారిందో, ఏం మారలేదో రాయాలి. ఫలితం రాకపోతే ఎప్పుడు పద్ధతి మార్చాలో ప్రచారానికి ముందే నిర్ణయించుకోవాలి. రుజువు చూపమని బాబాలను అడిగేవాళ్ళం, మన దస్తరం మనమే ముందు తెరవడం న్యాయం.