రొయ్య పెంకుల నుంచి కైటిన్: హరిత ద్రావణుల పద్ధతి

రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్‌ను ఖనిజ ఆమ్లాలు, కాస్టిక్ సోడా లేకుండా, లేదా వాటి వాడకం బాగా తగ్గించి, వేరుచేసే పద్ధతులు హరిత ద్రావణుల కోవలోకి వస్తాయి. పెంకులో కాల్షియం కార్బొనేటు 20–50, ప్రొటీన్లు 20–40, కైటిన్ 15–40 శాతం ఉంటాయని సాధారణంగా చెబుతారు. జాతిని బట్టి ఈ అంకెలు చాలా మారతాయి.

రొయ్య బరువులో తల, పెంకు కలిసి సుమారు 40–50 శాతం. 2009లో వనామీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక భారతదేశపు సాగు రొయ్యల్లో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వే. భీమవరం, కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు ప్రాంతాల్లో ప్రాసెసింగ్ ప్లాంట్లున్న చోటే పెంకు పోగుపడుతుంది. తెలంగాణలోని బాన్సువాడ వంటి, తీరానికి దూరమైన పట్టణాల్లో అది ఇంటి చెత్తలో కలిసిపోయేదే.

కైటిన్‌ను కనుగొన్నది ఎవరన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. పుట్టగొడుగుల్లో చూసిన బ్రాకొనో (1811)కే ఎక్కువమంది ఆ గుర్తింపు ఇస్తారు. కొందరు కీటకాలపై పనిచేసిన ఓడియే (1823)ను పేర్కొంటారు. కైటిన్ నుంచి వచ్చే కైటోసాన్‌ను రూజే 1859లో తయారుచేశాడు. హోప్పే-జైలర్ దానికి ఆ పేరు పెట్టింది 1894లో. పేరు కన్నా తయారీ ముందు కాబట్టి కైటోసాన్ ఆరంభంగా 1859నే తీసుకోవడం సబబు.

పాత పద్ధతిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నాన్ని (కాల్షియం కార్బొనేటును), కాస్టిక్ సోడా ప్రొటీన్లను తొలగిస్తాయి. మిగిలేది ఉప్పు నిండిన మురుగునీరు. దీనికి బదులుగా 2010లో అలబామా విశ్వవిద్యాలయంలో రాబిన్ రోజర్స్ బృందం అయానిక ద్రవంలో (ద్రవరూపంలో ఉండే లవణంలో) పెంకు నుంచి కైటిన్‌ను నేరుగా కరిగించి తీసింది. ఈ ద్రవాలు ఖరీదైనవి.

చవకైన దారి డీప్ యుటెక్టిక్ ద్రావణులది. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఆండ్రూ ఆబట్ బృందం 2003లో ప్రకటించిన మిశ్రమంలో మోల్ లెక్కన ఒక పాలు కోలీన్ క్లోరైడు, రెండు పాళ్లు యూరియా: ఒకటి కోళ్ల దాణాలో కలిపేది, రెండోది పొలానికి చల్లేది. విడిగా యూరియా 133 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఈ మిశ్రమం మాత్రం 12 డిగ్రీల వద్దే ద్రవమవుతుంది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థలో కమలేశ్ ప్రసాద్ బృందం ఇలాంటి ద్రావణుల్లో కైటిన్ కరుగుతుందని 2013లో చూపింది. పెంకును శుద్ధి చేయడానికి యూరియా స్థానంలో లాక్టిక్, మాలిక్ వంటి ఆమ్లాలు వాడతారు. అప్పుడు సున్నం, ప్రొటీన్లు ఒకే దశలో పోయి కైటిన్ ఘనంగా మిగులుతుంది.

ఈ ద్రావణిని మళ్లీ మళ్లీ వాడవచ్చనే వాదనను జాగ్రత్తగా చదవాలి. ఆమ్లం ఏదైనా సున్నంతో చర్య జరిపి ఖర్చవుతుంది. కిలో కాల్షియం కార్బొనేటుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.73 కిలోలు చాలు. లాక్టిక్ ఆమ్లమైతే 1.8 కిలోలు కావాలి.