చక్కెర పక్కన ఖాళీ గడి

1994లో అమెరికా ఆహార ప్యాకెట్ల మీద పోషకాల పట్టిక తప్పనిసరి అయింది. కొవ్వు, సోడియం, పిండిపదార్థాల ఎదురుగా గ్రాములతోపాటు రోజువారీ మోతాదులో అది ఎంత శాతమో కూడా రాసేవారు. చక్కెరకు మాత్రం గ్రాములే ఉండేవి, శాతం గడి ఖాళీ. ఇరవై ఏళ్లకు పైగా అది అలాగే ఉండిపోయింది. ఎందుకు?

అధికారులు చెప్పిన మాట: చక్కెరకు రోజువారీ పరిమితి ఇంత అని నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. మరి కొవ్వుకు తేల్చినవారు చక్కెర దగ్గర ఎందుకు ఆగారు?

ఒక ఆధారం 2016లో బయటపడింది. దంతవైద్యురాలైన క్రిస్టిన్ కెర్న్స్ లైబ్రరీల్లో దాచిన చక్కెర పరిశ్రమ పాత ఉత్తరాలను ఓపిగ్గా తిరగేశారు. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక సమీక్ష గుండెజబ్బుల్లో చక్కెర పాత్రను తగ్గించి చూపి, నేరమంతా కొవ్వు మీదకు నెట్టింది. దాన్ని రాసిన హార్వర్డ్ శాస్త్రవేత్తలకు షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ 6,500 డాలర్లు ఇచ్చింది, అచ్చుకు ముందే చిత్తుప్రతి చూసింది. వ్యాసంలో ఆ సొమ్ము ఊసే లేదు.

చిక్కు వీడిపోయిందనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో పరిశ్రమల సొమ్ముతో పరిశోధనలు మామూలేనని, ఆ ఒక్క వ్యాసానికి అంత బలం అంటగట్టలేమని 2018లో సైన్స్ పత్రికలో చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. వారి మాటకు బలమిచ్చే కాగితం ఒకటుంది. 1977లో అమెరికా సెనేట్ కమిటీ వెలువరించిన ఆహార లక్ష్యాల రెండో కూర్పు, శుద్ధిచేసిన చక్కెరను రోజువారీ కేలరీల్లో 10 శాతానికి తగ్గించమంది. ఆ లక్ష్యాలకు వెన్నుదన్నుగా నిలిచినవారిలో మార్క్ హెగ్‌స్టెడ్ ఒకరు. 1967 సమీక్ష రాసిన ముగ్గురిలోనూ ఆయన ఉన్నారు!

అంటే పట్టిక రావడానికి చాలా ముందే అంకె ఉంది. అసలు ముడి మరోచోట పడింది. పాలలో, పండులో సహజంగా ఉండే చక్కెరనూ ఫ్యాక్టరీలో కలిపినదాన్నీ పట్టిక ఒకే వరసలో కూడేసింది. పాలకూ కూల్‌డ్రింకుకూ ఒకే పరిమితి ఎలా పెడతారు? విడదీయమంటే పరిశ్రమ ఒప్పుకోలేదు: రెండూ ఒకే పదార్థమని, ల్యాబ్ పరీక్షలో తేడా తెలియదని వాదించింది. ల్యాబ్ మాట వరకు అది నిజమే. కానీ ఎంత చక్కెర పోశారో తయారుచేసినవారికి తెలియదా?

2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుకున్నది సరిగ్గా ఈ కొసనే. ల్యాబ్ తేల్చలేని చోట కంపెనీలు తమ లెక్కలు రాసి ఉంచాలంది. కలిపిన చక్కెరకు వేరే వరస పెట్టి, రోజుకు 50 గ్రాములు ప్రమాణంగా తీసుకుంది. రోజువారీ 2,000 కేలరీల్లో పదో వంతు 200. గ్రాము చక్కెరకు 4 కేలరీలు కాబట్టి, అది 50 గ్రాములు. 1977 నాటి 10 శాతమే ఇది. పెద్ద కంపెనీలకు 2020 జనవరి నుంచి అది తప్పనిసరి అయింది. నా దృష్టిలో ఆ గడిని ఖాళీగా ఉంచింది కంపెనీలను లెక్క అడగకపోవడమే.

మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లోనూ అదే 50 గ్రాముల ప్రమాణం ఉంది. ఈసారి బిస్కెట్ ప్యాకెట్ కొన్నప్పుడు 'యాడెడ్ షుగర్స్' వరస చూడండి. గ్రాములను 4తో భాగిస్తే దాదాపు ఎన్ని టీస్పూన్లో వస్తుంది. శాతం చూసేటప్పుడు మాత్రం, అది ఎన్ని బిస్కెట్లకు వేసిన లెక్కో తప్పక చదవండి.