ఉత్తేజాన్వేషణ

కొత్తవీ, తీవ్రమైనవీ, ఎప్పటికప్పుడు మారేవీ అయిన అనుభవాల కోసం వెంపర్లాడే స్వభావాన్ని ఉత్తేజాన్వేషణ అంటారు. అలాంటి అనుభవం దక్కుతుందంటే ఒంటికి, పరువుకు, డబ్బుకు ముప్పు వచ్చినా, చట్టం అడ్డొచ్చినా వెనుదీయకపోవడం ఇందులో భాగం. దీన్ని కొలవదగిన వ్యక్తిత్వ లక్షణంగా నిలబెట్టినవాడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మార్విన్ జుకర్‌మన్ (1928–2018). అతని దృష్టిలో ఇలాంటివాళ్లు ప్రమాదాన్ని కోరుకోరు. కోరుకున్న అనుభవానికి అది చెల్లించాల్సిన ధర, అంతే.

ఈ భావన మూలాలు, విచిత్రంగా, ఏమీ జరగని గదుల్లో ఉన్నాయి. 1950ల తొలినాళ్లలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ బృందం విద్యార్థులకు రోజుకు 20 డాలర్లిచ్చి మంచం మీద ఊరికే పడుకోబెట్టింది. కళ్లకు మసక అద్దాలు, చేతులకు గ్లవ్స్, వాటిపై అట్ట తొడుగులు, చెవిలో యంత్రాల హోరు. పని లేకుండా వచ్చే ఆ డబ్బు కోసం కూడా ఎక్కువమంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. కొందరికి లేనివి కనబడ్డాయి. పాతబడిన స్టాక్ మార్కెట్ నివేదిక రికార్డునే మళ్లీ మళ్లీ పెట్టమని అడిగినవాళ్లున్నారు. మెదడు చురుగ్గా పనిచేయాలంటే దానికి కొంత ఉత్తేజం అందుతూ ఉండాలని హెబ్ 1955లో వాదించాడు.

ఫిలడెల్ఫియాలో ఇదే తరహా ప్రయోగాలు చేసిన జుకర్‌మన్‌ను వేరే ప్రశ్న పట్టుకుంది: ఆ మోతాదు అందరికీ ఒకటేనా? దానికి జవాబుగా అతని బృందం 1964లో మొదటి ప్రశ్నావళిని ప్రచురించింది. తీరా చూస్తే, ఉత్తేజం ఎక్కువ కావాల్సినవాళ్లే ఆ చీకటి గదులకు ముందుకొచ్చేవాళ్లు. భ్రాంతులు కలుగుతాయన్న ప్రచారమే వాళ్లను లాగింది. లోపలికెళ్లాక కుదురుగా ఉండలేనిదీ వాళ్లే.

1970ల నాటికి ఈ లక్షణంలో నాలుగు పాయలు తేలాయి: సాహసాల మోజు, కొత్త అనుభవాల తపన, కట్టుబాట్లు వదిలేసే ధోరణి, త్వరగా విసుగెత్తడం. ఎక్కువగా వాడుకలోకి వచ్చిన 1978 నాటి ప్రశ్నావళిలో ఒక్కోదానికి పది చొప్పున 40 జతల వాక్యాలుంటాయి. జతలో ఒకటి ఎంచుకోవాలి.

ప్రమాదకర ప్రవర్తనతో సంబంధం తేల్చాలంటే ఈ పాయలను విడదీసి చూడక తప్పదు. కొండలెక్కేవారిలో మొదటిది బలంగా ఉంటుంది, అయినా తాడు పదిసార్లు లాగి చూసుకునేదీ వాళ్లే. తాగుడు, మత్తుపదార్థాల విషయంలో మూడోదే ఎక్కువగా పైకొస్తుంది. వాహనాల సంగతిని 1997లో బ్రయన్ జోనా సమీక్షించాడు. 40 అధ్యయనాల్లో అత్యధికం ఉత్తేజాన్వేషణకూ ప్రమాదకరమైన డ్రైవింగ్‌కూ సంబంధం చూపాయి, సహసంబంధం 0.3–0.4 మధ్య. వ్యక్తిత్వ పరిశోధనలో ఇది చిన్న అంకె కాదు. కానీ మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో ఇది వివరించేది ఆరోవంతు కంటే తక్కువే. దాన్ని చూసి ఫలానా కుర్రాడు బండి గుద్దేస్తాడని జోస్యం చెప్పడం కుదరదు.

కొలబద్ద మీదే అభ్యంతరాలున్నాయి. మద్యం, మత్తు గురించి ప్రశ్నావళిలోనే అడిగి, ఆ మార్కులకూ మద్యపానానికీ సంబంధం ఉందని చెప్పడంలో వింతేముంది? హిప్పీల ప్రస్తావన వంటి వాక్యాలు కూడా త్వరలోనే పాతబడ్డాయి. 1994లో జెఫ్రీ ఆర్నెట్ ఇలాంటి అంశాలు లేని 20 ప్రశ్నల కొలబద్ద తయారుచేశాడు. ముందువెనుకలు చూసుకోని దుడుకుతనం వేరు, ఉత్తేజం కోరడం వేరని 2001లో వైట్‌సైడ్, లైనమ్ విడదీశారు.

జీవశాస్త్ర మూలాల వేట ఇంతకంటే ఒడుదుడుకులతో సాగింది. 1980 నాటి కవలల అధ్యయనం వ్యక్తుల మధ్య తేడాల్లో 58 శాతం వంశపారంపర్యమని అంచనా వేసింది. ప్లేట్‌లెట్లలో మోనో అమైన్ ఆక్సిడేజ్ ఎంజైమ్ తక్కువగా ఉండటానికీ ఈ స్వభావానికీ లంకె కనబడింది. 1996లో డోపమైన్ గ్రాహక జన్యువు డీఆర్‌డీ4 పేరు పత్రికలకెక్కింది గానీ, తర్వాతి అధ్యయనాల్లో ఆ ఫలితం నిలకడగా రాలేదు.

వయసు ప్రభావం మాత్రం స్పష్టం. ఉత్తేజం కోసం ఆరాటం కౌమారంలో ఉధృతమవుతుందనీ, తనను తాను అదుపు చేసుకునే శక్తి ఇరవైలు దాటే దాకా నెమ్మదిగా పెరుగుతుందనీ, మధ్యలోని ఆ ఎడమే ప్రమాదమనీ 2008లో లారెన్స్ స్టైన్‌బర్గ్ వివరించాడు.

ఈ పరిజ్ఞానాన్ని చక్కగా వాడుకున్నది కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ పామ్‌గ్రీన్, లూయిస్ డొనోహ్యూ బృందం. నీతిబోధ వినలేని పిల్లలకు చప్పటి ప్రకటన చూపితే చానల్ మార్చేస్తారు కాబట్టి, గంజాయి వ్యతిరేక టీవీ ప్రకటనలను వేగంగా, నాటకీయంగా తయారుచేసి, అలాంటి పిల్లలు చూసే కార్యక్రమాల మధ్య వేయించారు. 1996 నుంచి 1998 వరకు లెక్సింగ్టన్, నాక్స్‌విల్ ప్రాంతాల్లో 32 నెలల పాటు నెలనెలా వందేసి మంది విద్యార్థులను ప్రశ్నించారు. ఉత్తేజాన్వేషణ ఎక్కువున్న పిల్లల్లో అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన గంజాయి వాడకం ప్రచారంతో వెనక్కి తగ్గింది. తక్కువున్నవాళ్లలో మార్పేమీ లేదు. వాళ్లలో ఆ అలవాటు మొదటి నుంచీ అరుదే.